అక్క కంప్యూటర్‌లో ఒక కామా

ఇంట్లో ఒకరికి బ్యాంకు ఉద్యోగం ఉంటే అతనికి కంప్యూటర్లన్నీ తెలుసని చుట్టాలు నమ్మేసే రోజులవి. ఆ నమ్మకాన్ని చెడగొట్టే ప్రయత్నం నేనెప్పుడూ చేయలేదు. 2007 సంక్రాంతికి నాగపూర్ నుంచి తెనాలి వెళ్లినప్పుడు, అక్క కాఫీ గ్లాసు చేతికిస్తూనే, "సిస్టం నాలుగు రోజుల్నించి ఏదోలా ఉందిరా, ఒకసారి చూస్తావా?" అంది. చూస్తానన్నాను. ఆ ఒక్క మాటతో నాకే కాదు, ఇంటిల్లిపాదికీ రెండు రాత్రులు నిద్ర లేకుండా పోయింది.

ముందు ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. బావ పనిచేసే మిల్లు మూతపడ్డాక, 2004 జూలైలో 40 వేల రూపాయల అప్పు తెచ్చి కొన్నారు. అసెంబుల్డ్ మెషీన్. పెంటియం 4, 256 ఎంబీ మెమరీ, 40 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. తోడుగా ఎవరో వాడి అమ్మేసిన లేజర్ ప్రింటర్ ఒకటి. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల మీద, పూల గుడ్డ కప్పుకుని ఉండేది. అక్క దాని మీద పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, ఎరువుల కొట్ల కరపత్రాలు కంపోజ్ చేసేది. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ఇస్తే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు పట్టుకెళ్లి అచ్చువేసుకునేవారు. అప్పుకు నెలవాయిదా 1,330 రూపాయలు. హామీ సంతకం నాది. 29 వాయిదాలు కట్టారు, ఒక్కటీ తప్పలేదు. ఇంకా ఏడున్నాయి. కనుమ వెళ్లగానే మాఘమాసం, పెళ్లిళ్ల హడావిడి. బల్ల మీద ఆరు శుభలేఖల మేటరు సిద్ధంగా ఉంది. అందులో ఒకటి ఎల్లుండి ఉదయానికి ఇవ్వాలి.

ఏదోలా ఉందని అక్క అన్నదానికి కారణం చిటికెలో తెలిసిపోయింది. మేటరు తెచ్చేవాళ్లంతా పెన్‌డ్రైవ్‌లలో తెచ్చేవారు. ఆ రోజుల్లో మన దేశంలో పెన్‌డ్రైవ్ అంటే వైరస్‌లకు సిటీబస్సు లాంటిది. ఎక్కడో ఎక్కి ఇంకెక్కడో దిగేవి. ఆర్కుట్ తెరిస్తే వెకిలి నవ్వుతో సందేశం పెట్టి బ్రౌజర్‌ను మూసేసే వైరస్ ఒకటి ఆ ఏడాదే దేశమంతా తిరిగింది. అక్క కంప్యూటర్‌లోకి వచ్చింది అదో, దాని బంధువో తెలియదు. ఫోల్డర్ ఆప్షన్స్ మాయమైంది. టాస్క్ మేనేజర్ తెరవబోతే మీ నిర్వాహకులు దీన్ని నిలిపివేశారని సమాధానం వచ్చేది. ఆ నిర్వాహకురాలు వంటింట్లో అరిసెలు వత్తుతోంది.

నా దగ్గర ఒక యాంటీవైరస్ సీడీ, ఒక పత్రికలోంచి కత్తిరించుకున్న చిట్కాల కాగితం ఉన్నాయి. రిజిస్ట్రీలోకి వెళ్లి వైరస్ పెట్టిన మెలికలను చేత్తో విప్పడం ఎలాగో అందులో ఉంది. చివర్లో చిన్న అక్షరాలతో, మార్పులు చేసే ముందు రిజిస్ట్రీ నకలు తీసి పెట్టుకోండి అని కూడా ఉంది. చిన్న అక్షరాలు చదవండని ఖాతాదారులకు రోజూ చెప్పే నేను, వాటిని చదివి కూడా పట్టించుకోలేదు.

రిజిస్ట్రీ అంటే తెలియనివాళ్లకు ఒక్క పోలిక చాలు. మన ఊళ్లో అడంగల్ ఉంటుంది. తెలంగాణలో పహాణీ అంటారు. పొలం పొలంలాగే ఉంటుంది, అందులో పైరూ ఉంటుంది. కానీ ఆ పొలం ఎవరిది, ఏ సర్వే నంబరు, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది ఆ దస్త్రం చెబుతుంది. విండోస్‌కు రిజిస్ట్రీ అలాంటిది. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, ఏ ఫాంట్ ఏ ఫైల్లో ఉంది, ఎవరి తెర మీద ఏ బొమ్మ ఉండాలి, మీట నొక్కగానే ముందు ఎవరిని లేపాలి, అన్నీ అందులోనే. పూర్వం ఒక్కో ప్రోగ్రాం తన సంగతులు తన చిట్టా ఫైల్లో విడిగా రాసుకునేది. 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ చిన్నగా మొదలైంది, 1993లో విండోస్ ఎన్‌టీలో పెరిగింది, 1995లో విండోస్ 95తో ఇంటింటి కంప్యూటర్‌లోకీ వచ్చేసింది. ఎక్స్‌పీలో దాని ముఖ్యమైన భాగాలు డిస్క్ మీద అయిదు ఫైళ్లుగా ఉండేవి: సిస్టం, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్. ఇలాంటి ఒక్కో ఫైలును ఇంగ్లిష్‌లో హైవ్ అంటారు, అంటే తేనెతుట్టె. ఎన్‌టీ రూపకర్తల్లో ఒకరికి తేనెటీగలంటే అసహ్యమని, ఆయన్ను ఉడికించడానికే రిజిస్ట్రీ రాసినాయన ఆ పేరు పెట్టాడని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ ఒకచోట రాశారు. నవ్వులాటకు పెట్టినా తగిన పేరే.

ఆ తుట్టెలో చేయి పెట్టడానికి విండోస్ ఇచ్చే సాధనం రెజెడిట్. దానికొక గుణం ఉంది. అందులో సేవ్ అనే మీట లేదు. రాసింది రాసినట్టు ఆ క్షణమే అమలవుతుంది. అన్‌డూ కూడా లేదు. ఉత్తరం రాసుకునే వర్డ్‌లో వంద అడుగులు వెనక్కి వెళ్లొచ్చు కానీ, కంప్యూటర్ ప్రాణం ఉన్నచోట ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేం.

కాగితంలో చెప్పిన దారినే వెళ్లాను. హెచ్‌కీ లోకల్ మెషీన్, అందులో సాఫ్ట్‌వేర్, అందులో మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, చివరికి విన్‌లాగాన్. అక్కడ యూజర్‌ఇనిట్ అనే గడిలో కామాతో విడగొట్టి రెండు ఫైళ్ల పేర్లున్నాయి. ఒకటే ఉండాలి, రెండోది వైరస్ చేర్చినదని కాగితం చెప్పింది. ఏది ఏదన్నది చెప్పే భాగం కత్తెరలో పోయింది. ఒక పేరులో విండోస్, అప్‌డేట్ అనే మాటలు రెండూ ఉన్నాయి, చూడ్డానికి మర్యాదగా ఉంది. ఇంకోటి యూజర్‌ఇనిట్ డాట్ ఈఎక్స్‌ఈ. ఇనిట్ ఏమిటి, ఏ దేశపు మాట అనుకున్నాను. దాన్ని కొట్టేసి మర్యాదస్తుణ్ని ఉంచాను.

తర్వాత యాంటీవైరస్ నడిపాను. సీడీతో వచ్చిన సూచనల ప్రకారం ముందుగా సిస్టం రిస్టోర్‌ను ఆపేశాను. పాత నకళ్లలో వైరస్ దాక్కుంటుంది కాబట్టి దాన్ని ఆపమని అప్పట్లో చాలా కంపెనీలు చెప్పేవి. ఆపగానే విండోస్ అంతవరకూ దాచిన నకళ్లన్నీ పోతాయి. యాంటీవైరస్ పదకొండు ఫైళ్లు పట్టుకుని తుడిచేసింది. జాబితాలో ఒక పేరు ఎక్కడో చూసినట్టు అనిపించింది కూడా. "అయిపోయిందక్కా" అని రీస్టార్ట్ కొట్టాను.

వెల్‌కం తెర వచ్చింది. అక్క పేరు మీద క్లిక్ చేశాను. మీ సెట్టింగులు తెస్తున్నానంది. మరుక్షణమే మీ సెట్టింగులు భద్రపరుస్తున్నానంది. మళ్లీ వెల్‌కం తెర. మళ్లీ క్లిక్ చేశాను. వాకిట్లో నిలబెట్టి, రండి రండి అంటూనే తలుపు వేసేసినట్టు. పదిసార్లు చేశాను. సేఫ్ మోడ్‌లోనూ అంతే. ఎఫ్8 నొక్కితే వచ్చే జాబితాలో, చివరిసారి సరిగ్గా పనిచేసినప్పటి అమరిక అని ఒకటుండేది. దాని మీద ఆశ పెట్టుకున్నాను. అది సిస్టం అనే ఫైల్లో ఒక భాగాన్ని మాత్రమే వెనక్కి తెస్తుందని, నేను చెడగొట్టింది సాఫ్ట్‌వేర్ అనే ఇంకో ఫైల్లో అని అప్పటికి తెలియదు.

జరిగింది ఇదీ. మనం పేరు మీద క్లిక్ చేయగానే విన్‌లాగాన్ ఆ గడిలో ఉన్న ప్రోగ్రాంను పిలుస్తుంది. పిలవాల్సిన యూజర్‌ఇనిట్ పేరు నేను కొట్టేశాను. ఉంచిన పేరుగల ఫైలును యాంటీవైరస్ తుడిచేసింది. పిలిస్తే పలికేవాడు లేడు. ఇక లోపల చేసేదేమీ లేక విండోస్ మనిషిని బయటికి పంపేస్తోంది.

అక్క ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది. బావ మాత్రం వీధి చివర కంప్యూటర్ కుర్రాణ్ని పిలుచుకొచ్చాడు. అతను నిలబడే చూసి, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, మూడొందలు" అన్నాడు. ఫైళ్లు కావాలంటే హార్డ్‌డిస్క్ విప్పి ఇంకో సిస్టంకి స్లేవ్‌గా పెట్టి లాగాలి, దానికి వేరే. పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. వాటి సీడీలు ఏవని అడిగాడు. విండోస్ సీడీ తప్ప మిగతావి సిస్టం అమ్మినాయన దగ్గరే ఉండిపోయాయి, ఆయన దుకాణం ఎత్తేసి విజయవాడ వెళ్లిపోయాడు. పండగ రోజుల్లో ఎక్కడని వెతుకుతాం? "రేపు చెప్తాంలే బాబూ" అని అక్క అతన్ని పంపేసింది. తర్వాత నాతో, "నీకు తెలుసుగా, నువ్వే చూడు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటేనే బాగుండేది.

మా బ్యాంకులో డిఫాల్ట్ అంటే అప్పు తీర్చకపోవడం. రోజూ వినే మాట. ఆ రాత్రి గంటకు పదిహేను రూపాయల ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని నేను వెతికిన మాట కూడా అదే: రిజిస్ట్రీని డిఫాల్ట్‌కు తేవడం ఎలా? నాలాంటివాళ్లు ప్రపంచమంతా ఉన్నారని తెలిసి కొంత ఊరట కలిగింది. అందరూ ఒక మీట కోసం అడుగుతున్నారు, నొక్కితే అంతా మామూలయ్యే మీట. అలాంటిది లేదు. ఉండడం కుదరదు కూడా. ఏ రెండు ఇళ్ల అడంగళ్లూ ఒకటిగా ఉండవు. విండోస్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో చెప్పగలరు కానీ, మీ ఇంట్లో నిన్నటిదాకా ఎలా ఉందో మీ కంప్యూటర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. అయిదు ఫైళ్లలో డిఫాల్ట్ పేరు గలది చూసి అదే మందు అనుకున్నాను. కాదు, అది ఎవరూ లాగిన్ కాకముందు విండోస్ తన కోసం వాడుకునే అమరిక. పేరు చూసి మోసపోవడం ఆ రోజుకు అది రెండోసారి.

చివరికి మైక్రోసాఫ్ట్ వారి వ్యాసం ఒకటి దొరికింది. దాని నంబరు 307545, ఇప్పటికీ నోటికి వస్తుంది. రిజిస్ట్రీ పాడై ఎక్స్‌పీ మొదలు కాకపోతే ఏం చేయాలన్నది విషయం. సీడీతో కంప్యూటర్‌ను లేపి, రికవరీ కన్సోల్ అనే నల్ల తెరలోకి వెళ్లాలి. ఉన్న అయిదు ఫైళ్లనూ ఒక పక్క ఫోల్డర్లోకి నకలు తీయాలి. అసలువి తుడిచేయాలి. విండోస్‌లో రిపేర్ అనే ఫోల్డర్లో, విండోస్ ఎక్కించిన రోజున దాచిన అయిదు ఫైళ్లుంటాయి. వాటిని తెచ్చి ఆ స్థానంలో పెట్టాలి. ఇది మొదటి భాగం. రెండో భాగంలో, సిస్టం రిస్టోర్ దాచిన ఇటీవలి నకళ్లను తెచ్చుకోవాలి. ఆ రెండో భాగం మొదలయ్యే చోటే నాకు చెమట పట్టింది. ఆ నకళ్లను మధ్యాహ్నం నేనే తుడిపించాను.

సరే, మొదటి భాగంతోనే సర్దుకుందామని పేజీలు ప్రింట్ తీయించుకుని ఇంటికొచ్చాను. నేను చదువుతుంటే అక్క కొట్టింది. ఆ నల్ల తెర మీద ఒక్క ఖాళీ తప్పినా ఆదేశం చెల్లదు. నేనైతే నాలుగుసార్లు తప్పేవాణ్ని. అక్క వేళ్లు తప్పవు. పక్కన టీఎంపీ అని ఫోల్డర్ చేసి, ఒక్కో ఫైలుకు చివర బీఏకే తగిలించి నకలు తీసింది. అసలువి తుడిచింది. రిపేర్ ఫోల్డర్లోవి తెచ్చి పెట్టింది. రాత్రి పదకొండున్నరకు మళ్లీ మీట నొక్కాం.

కంప్యూటర్ లోపలికి రానిచ్చింది! తెరంతా ఆ పచ్చటి కొండ, నీలి ఆకాశం. చార్ల్స్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో తీసిన ఫొటో అది. ఎక్స్‌పీ కొన్నవాళ్లందరూ మొదటి రోజు చూసి, రెండో రోజు మార్చేసేది. మా అక్క తెర మీద మూడేళ్లుగా వెంకటేశ్వరస్వామి ఉండేవాడు. ఆయన లేడు. బొమ్మలన్నీ లావుగా, రంగులు వెలిసినట్టు ఉన్నాయి. తర్వాత ఎక్కించిన డిస్‌ప్లే డ్రైవర్ సంగతి దానికి గుర్తు లేదు. ప్రింటర్ లేదు. లోపలికి వచ్చింది అడ్మినిస్ట్రేటర్ పేరుతో. అక్క ఖాతాయే లేదు. డిస్క్‌లో అక్క పేరుతో ఫోల్డర్ ఉంది, అందులో మూడేళ్ల శుభలేఖలున్నాయి, కానీ ఆ పేరుగల మనిషిని కంప్యూటర్ ఎరగదు. 2004 జూలైలో, ఇంకా ఆ ఇంటి గడప తొక్కని రోజున ఉన్నట్టు ఉంది.

ఎల్లుండి ఇవ్వాల్సిన శుభలేఖ తెరిచాం. పేజ్‌మేకర్ మొరాయించి మొరాయించి తెరుచుకుంది. ఫలానా ఫాంట్లు లేవు, బదులుగా ఇవి వాడుతున్నానని ఒక జాబితా చూపింది. తర్వాత శుభలేఖ కనిపించింది. అంచున లతలు, పైన వినాయకుడు చెక్కుచెదరలేదు. మధ్యలో చి.ల.సౌ. అని ఉండాల్సిన చోట, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఏవో ఐరోపా అక్షరాలు, డాలరు గుర్తు, పౌండు గుర్తు. పెళ్లికూతురి పేరు రెండు ప్రశ్నార్థకాలతో ముగిసింది.

అప్పటి తెలుగు డీటీపీ సంగతి తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. యూనికోడ్ ఇంకా ఆ బల్లల మీదకు రాలేదు. ఆ ఫాంట్లలో క అక్షరం నిజంగా క కాదు. ఏదో ఇంగ్లిష్ అక్షరం స్థానంలో తెలుగు బొమ్మను కూర్చోబెట్టేవారు. ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంట్ ఫైళ్లు ఫోల్డర్లో ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. కానీ ఏ ఫాంట్లు ఉన్నాయో చెప్పే పట్టీ రిజిస్ట్రీలో ఉంటుంది, మొదటి రోజు పట్టీలో అవి లేవు. పొలం ఉంది, అడంగల్‌లో పేరు లేదు. ఫాంట్లను మళ్లీ ఒక్కొక్కటిగా ఎక్కించుకోవచ్చు. కీబోర్డు సాఫ్ట్‌వేర్, ప్రింటర్, మిగతావన్నీ? నేను తల పట్టుకున్నాను. నేను కోరుకున్న డిఫాల్ట్ ఇదేనని, ఇది నాకు అవసరమైనది కాదని అప్పుడు అర్థమైంది. మామూలుగా అయితే చాలు అనుకున్నప్పుడు మనం అడిగేది నిన్నటిని. యంత్రం ఇచ్చేది పుట్టిన రోజును.

అక్క చాలాసేపు ఆ శుభలేఖ వైపు చూసింది. తర్వాత అడిగింది. "ఒరేయ్, ఇందాక పాతవి తీసి పక్కన పెట్టాం కదా. వాటిని పారేశామా, ఉంచామా?"

"ఉన్నాయి. కానీ పాడైనవి కదా."

"ఎంత పాడయ్యాయి?"

ఆలోచించాను. మూడేళ్ల చరిత్రలో, వేలకొద్దీ గడుల్లో, ఒక్క గడిలో ఒక్క లైను. "ఒక్క లైను" అన్నాను.

"ఒక్క తప్పుకు పుస్తకమంతా కొత్తగా కంపోజ్ చేస్తారట్రా ఎవరైనా? ఆ లైను దిద్ది మళ్లీ పెట్టు."

ప్రూఫులు దిద్దే మనిషికి తట్టినది నాకు తట్టలేదు. కానీ ఎలా దిద్దడం? పక్కన పెట్టిన ఫైలు వాడుకలో లేదు, దాన్ని తెరవడమెలా? అర్ధరాత్రి దాటింది, ఇంటర్నెట్ సెంటర్ మూసేశారు. రెజెడిట్ తెరిచి ఎఫ్1 నొక్కాను. కంప్యూటర్ వాడే దేశంలో ఎవరూ చదవని సాహిత్యం ఆ సహాయం పేజీలు. అక్కడ కనిపించింది లోడ్ హైవ్. వాడుకలో లేని రిజిస్ట్రీ ఫైలును తెచ్చి, నడుస్తున్న రిజిస్ట్రీలో అతిథిగా కూర్చోబెట్టే ఏర్పాటు. మెనూలో చూస్తే ఆ మాట మసకగా ఉంది, నొక్కుడు పడలేదు. హెచ్‌కీ లోకల్ మెషీన్ మీద క్లిక్ చేశాక వెలిగింది. టీఎంపీ ఫోల్డర్లోని సాఫ్ట్‌వేర్ ఫైలును చూపించాం. ఏం పేరు పెట్టాలని అడిగింది. "పాతది అని పెట్టు" అంది అక్క. ఇంగ్లిష్ అక్షరాల్లో పాతది అని కొట్టాను.

పాతది తెరుచుకుంది. అక్క కంప్యూటర్ మొత్తం అందులో ఉంది. ఫాంట్ల పట్టీలో తెలుగు ఫాంట్ల పేర్లు వరసగా, ఏవీ పోలేదు. ప్రాణం లేచొచ్చింది. అదే దారిన విన్‌లాగాన్ దాకా వెళ్లాం. యూజర్‌ఇనిట్ గడిలో నేను ఉంచిన మర్యాదస్తుడు ఒంటరిగా ఉన్నాడు. ఇప్పుడు అక్కడ సరిగ్గా ఏం రాయాలి? దానికి జవాబు పైనే ఉంది. నడుస్తున్న రిజిస్ట్రీ మొదటి రోజుది, ఏ వైరస్సూ ఏ తమ్ముడూ తాకనిది. అందులో అదే గడి తెరిచి చూశాం: సీ డ్రైవ్, విండోస్, సిస్టం 32, యూజర్‌ఇనిట్ డాట్ ఈఎక్స్‌ఈ, చివర ఒక కామా.

కామా తర్వాత ఏమీ లేదు. "ఇదేదో పొరపాటున మిగిలిపోయినట్టుంది" అని, అది వదిలేసి కొట్టబోయాను. అక్క నా చేయి పట్టుకుని ఆపింది.

"ఒరిజినల్లో ఉందా?"

"ఉంది, కానీ దాని తర్వాత..."

"ఉంటే పెట్టు. మేటర్లో ఉన్నది ఎందుకుందని అడగడం మన పని కాదు."

పెట్టాను. ఆ గడిలో కామాలతో ఎన్ని పేర్లయినా వరసగా రాయొచ్చునని, విండోస్ చివరి కామాను తానే ఉంచుకుంటుందని తర్వాత తెలిసింది. వైరస్ వచ్చి తన పేరు తగిలించుకున్నది కూడా ఆ కామా పక్కనే.

అన్‌లోడ్ చేశాం. మళ్లీ సీడీ, మళ్లీ నల్ల తెర. ఈసారి నేను చదవాల్సిన పని కూడా లేదు. టీఎంపీలోంచి అయిదు ఫైళ్లనూ అక్కే వెనక్కి తెచ్చింది. రాత్రి రెండున్నరకు వెల్‌కం తెర మీద తన పేరు తనే నొక్కింది. మీ సెట్టింగులు తెస్తున్నానంది. ఆగింది. ఆ ఆగడంలో నేను లెక్కపెట్టుకున్నది ఏడు వాయిదాలు. తర్వాత వెంకటేశ్వరస్వామి వచ్చాడు.

అక్క శుభలేఖ తెరిచి, పెళ్లికూతురి పేరు ఒకసారి పైకి చదివి, మూసేసి పడుకుంది. ఫోల్డర్ ఆప్షన్స్, టాస్క్ మేనేజర్ మర్నాడు దారికొచ్చాయి. అదేమంత కథ కాదు, రెండు గడులు తుడిస్తే సరిపోయింది. ఈసారి తుడిచే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి నకలు తీశాను. అక్క వెనక నిలబడి తీయించింది.

నాగపూర్ తిరిగి వెళ్లాక తెలిసిన సంగతి ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. ఇంత తతంగం అక్కర్లేదు. ఆ నల్ల తెర మీద ఒక్క ఆదేశం చాలు. యూజర్‌ఇనిట్ ఫైలుకు ఒక నకలు తీసి, తుడిచేసిన వైరస్ ఫైలు పేరే దానికి పెడితే సరి. దొంగ వదిలిన చొక్కా ఇంటాయనకు తొడిగినట్టు. విన్‌లాగాన్ ఆ పేరుతోనే పిలుస్తుంది, పలికేది అసలువాడే. లోపలికి వెళ్లి తీరిగ్గా గడి దిద్దుకోవచ్చు. అయిదు నిమిషాల పని. ఈ మాట అక్కకు చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. జూలైలో చివరి వాయిదా కట్టిన రోజు ఫోన్లో చెప్పాను. నవ్వింది.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సేవలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. ఎఫ్8తో వచ్చే ఆ చివరి మంచి అమరిక కూడా విండోస్ 8 నుంచి జాబితాలో కనిపించలేదు. అక్క తర్వాత రెండు కంప్యూటర్లు మార్చింది, విండోస్ 10 ఉన్న ల్యాప్‌టాప్ కొంది. శుభలేఖలకు ఆ పాత ఫాంట్లనే వాడేది, ఆ వంపులు యూనికోడ్‌లో రావంటుంది. 2019లో ఒక ఆదివారం ఫోన్ చేసింది.

"ఒరేయ్, రెగ్‌బ్యాక్ అని ఫోల్డర్ ఉంటుంది కదా, రిజిస్ట్రీ నకళ్లు దాచేది. పాత ల్యాప్‌టాప్‌లో పది రోజులకోసారి దానంతటదే దాచేది. ఇందులో ఫైళ్లున్నాయి కానీ సైజు సున్నా అని చూపిస్తోందేంటి?"

రిజిస్ట్రీ నకళ్లు ఎక్కడుంటాయో మా అక్క తీరిక వేళల్లో వెళ్లి చూసుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. కనుక్కుని చెప్పాను. 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి, డిస్క్‌లో చోటు ఆదా చేయడానికి విండోస్ ఆ నకళ్లు తీయడం మానేసింది. కావాలంటే మళ్లీ మొదలుపెట్టించవచ్చు. ఎనేబుల్ పీరియాడిక్ బ్యాకప్ అనే గడి ఒకటి సృష్టించి అందులో 1 అని రాయాలి.

"ఎక్కడ రాయాలి?"

"రిజిస్ట్రీలో."

అటునుంచి కాసేపు మాట లేదు.

"సరే, దారి చెప్పు. ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకుని నేను రాసుకుంటా. నువ్వు ఈ పండక్కి వచ్చినప్పుడు దీని మూత మాత్రం తెరవకు."